బస్టాండు అన్నం

చిట్టికి కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పుడు అన్నం కూడా గది గదీ తిరుగుతూ తినేదని వాళ్లక్క ఇప్పటికీ చెబుతుంది. ఆ కాలికి తగ్గ ఉద్యోగమే దొరికింది ఆమెకు. మంచినీళ్ల ఫిల్టర్లు అమ్మే కంపెనీలో సర్వీసు పని. పొద్దున్న ఎనిమిదింటికి ఫోనులోకి ఆరేడు చిరునామాలు వచ్చి పడతాయి. భుజాన సంచి, అందులో రెండు స్పానర్లు, నాలుగు రకాల కార్ట్రిడ్జులు, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే పెన్నులాంటి మీటరు, ఒక పాత తువ్వాలు. బస్సు ఎక్కడం, దిగడం, కాసేపు నడవడం, లోకల్ రైలు అందుకోవడం. ఆఫీసుల వాచ్‌మన్లు, అపార్టుమెంట్ల వంటమనుషులు ఆమెకు ఫిల్టరమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకు నచ్చింది. అందులో అమ్మ ఉంది, అదీ అడక్కుండా ఇచ్చారు.

బస్సంటే ఆమెకు ప్రాణం. ఆగి ఉన్న చోట మనుషుల చూపు మీద పడితే ఓ పట్టాన వదలదు. గడ్డం దగ్గర మొదలుపెట్టి మణికట్ల దాకా కొలతలు తీస్తుంది. బస్సులో ఎంత తేరిపార చూసినా ఆ చూసేవాళ్లు ఎక్కడో ఒకచోట దిగిపోవాల్సిందే. "చూడండి తల్లీ, మీ స్టాపు వచ్చేదాకానే" అని లోపల్లోపల అనుకుని కిటికీ వైపు తిరిగేది. పక్కన ఎవరైనా ఒక జానెడు జరిగి చోటిస్తే మాత్రం "థాంక్సండీ" అనేది. ఆ మాట ఆమె నోటి చివరే ఉండేది. లిఫ్టు ఆపితే థాంక్స్, స్టూలు చూపిస్తే థాంక్స్, తను బాగుచేసిన ఫిల్టరు నీళ్లు తనకే ఒక గ్లాసుడు ఇస్తే థాంక్స్. అవతలివాళ్లు ఒక్కోసారి ఎందుకు చెప్పిందో అర్థంకాక వెనక్కి తిరిగి చూసుకునేవారు.

పుట్టినప్పుడు కాయితాల్లో మగపిల్లాడని రాశారు. ఆ రాత తప్పని ఆమెకు ఊహ తెలిసినప్పట్నుంచీ తెలుసు. ఇంట్లో నోరు విప్పి చెప్పింది మాత్రం ఇరవై మూడో ఏట. తల్లి అప్పటికే లేదు. తండ్రీ, తనూ అక్కాబావల ఇంట్లోనే ఉండేవారు. తండ్రి మంచంలో ఉన్నాడు. ఆయన పోయిన నెలకు ఒక పొద్దున బావ డ్యూటీకి వెళ్లాక, అక్క బట్టలు సర్దిన సంచి తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"మీ బావ ఒప్పుకోవడం లేదు. ఆయన కోపం నీకు తెలుసుగా. కొన్నాళ్లు ఎక్కడైనా ఉండు, చిట్టీ."

ఆ కొన్నాళ్లకు పదకొండేళ్లు నిండాయి.

అయినా అక్క తనను వదిలెయ్యలేదు. చిట్టి అందరికీ గొప్పగా చెప్పుకున్నది అదే. అక్క ఒక బడి ఆఫీసులో గుమాస్తా. గురువారాలు ఒంటిపూట. ఒంటిగంటకల్లా సిటీ బస్టాండులో తొమ్మిదో ప్లాట్‌ఫారం వెనక, స్తంభం చాటున ఉన్న బెంచీ మీదకి రెండు డబ్బాలతో వచ్చేది. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో కూర. "తిను, తిను. చూడు ఎలా అయ్యావో" అంటూ పక్కన కూర్చుని బస్సులన్నిటినీ బెదురుగా చూస్తూ ఉండేది. రెండు గంటల బస్సుకు లేచి వెళ్లిపోయేది. మీ బావకు తెలిస్తే ఇంకేమైనా ఉందా అనేది. చిట్టి బస్సు కదిలేదాకా నిలబడి చెయ్యి ఊపేది. కట్టుకున్నవాడికి తెలియకుండా, భయపడుతూ, తనకోసం వారం వారం వస్తుందే, ఇంతకన్నా ఏం కావాలి అనుకునేది.

ఒక్కటి మాత్రం ఆమె గమనించకపోలేదు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడటానికి మన భాషలో ఆడో మగో తేల్చాల్సిన పనిలేదు. వచ్చావా, తిన్నావా, జ్వరం తగ్గిందా. అలా ఎన్నేళ్లయినా నెట్టుకు రావచ్చు. అక్క అలాగే నెట్టుకొచ్చింది. ఏరా అనదు, ఏమే అనదు. చిట్టి అంటుంది. చిట్టి ఎవరైనా కావచ్చు.

సంగతి బయటపడింది ఒక మంగళవారం. ఆ రోజు నాలుగో చిరునామా, కొత్త అపార్టుమెంటులో మూడో అంతస్తు. "నీళ్లు ఆగడం లేదు, అర్జెంటు" అని ఫిర్యాదు. ఫిల్టరు కొన్నది ఇంటి ఓనరు కాబట్టి చీటీలో ఓనరు పేరే ఉంది. అక్కావాళ్లు మూడేళ్ల కింద ఇల్లు మారారని చిట్టికి తెలుసు. ఎక్కడికో అక్క చెప్పలేదు, ఆమె అడగలేదు.

తలుపు బార్లా తెరిచి ఉంది. నీళ్లు గుమ్మం దాకా వచ్చేశాయి. వంటింట్లో ఒక పెద్దాయన ఒక చేత్తో ఊతకర్ర పట్టుకుని, రెండో చేత్తో పైపుకి తువ్వాలు అదిమిపెట్టి ఒళ్లంతా తడిసిపోయి ఉన్నాడు.

"ఎవరైనా సరే, ముందు దీన్ని ఆపండి! ఆ తిప్పేది ఎక్కడుందో కనపడి చావదు!"

వెనక నుంచే గుర్తుపట్టింది చిట్టి. చేటల్లాంటి ఆ చెవులు ఇంకెవరికీ లేవు.  వచ్చిన దారినే పరుగెత్తాలనిపించింది. కానీ అప్పుడే ఊతకర్ర జారింది. గభాల్న వెళ్లి చంకల కింద చేతులు వేసి పట్టుకుని, స్టూలు మీద కూర్చోబెట్టి, సింకు కిందకు దూరి వాల్వు కట్టేసింది. లోపలికొచ్చే పైపు నట్టు నిలువునా పగిలింది.  కొత్త నట్టు బిగించింది, పైపు ముక్క మార్చింది. ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

"నిజంగా ప్రాణం పోశావమ్మా" అన్నాడు బావ. "మీ కంపెనీవాళ్లు రేపటిదాకా..." అంటూనే ఆగిపోయాడు. ఆమె చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా పాత మచ్చ. సైకిలు నేర్పుతూ ఆయన చెయ్యి వదిలేసిన క్షణంలో గోడకు గుద్దుకుని తెచ్చుకున్నది. ఆ రోజు ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తింది ఆయనే.

"చిట్టీ?"

ఆమె తల సింకు కిందనుంచి బయటికి తియ్యలేదు. "నట్టు పగిలిందండీ, మార్చాను. ఇక కారదు" అంది.

"నట్టు సంగతి తర్వాత. ఇటు తిరుగు."

తిరిగింది. తనకు అలవాటైన కొలతల చూపుకోసం ముఖం బిగబట్టుకుంది. ఆయన అలా చూడలేదు. ఊరినుంచి వచ్చిన పిల్ల ఎంత పొడుగైందో చూసినట్టు చూశాడు.

"మీ అమ్మ పోలికలే వచ్చాయి" అన్నాడు. తర్వాత ఆయన గొంతు మారింది. "పదకొండేళ్లు. ఈ బావ ఉన్నాడో పోయాడో చూద్దామని ఒక్కపూట కూడా అనిపించలేదా? కాలు విరిగి మూడు నెలలు మంచాన ఉన్నాను. చిట్టికి కబురు పెట్టవే అన్నాను. రానంది... రానన్నాడు... ఏదో ఒకటి, రానన్నావని చెప్పింది మీ అక్క."

"నాకెవరూ చెప్పలేదు" అంది చిట్టి. "అయినా నా మొహం చూడనన్నది మీరే కదా బావా."

"నేనా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మా ఇంటి గడప తొక్కనని నువ్వే ఒట్టు పెట్టుకుని పోయావంది" అన్నాడాయన మెల్లగా. "నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి నువ్వు లేవు. కొన్నాళ్లు కోపం, కొన్నాళ్లు రోషం, ఆ తర్వాత అలవాటైపోయింది. చూడు, మంచివాణ్ననిపించుకోవడానికి చెప్పడం లేదు. అప్పట్లో నన్ను అడిగుంటే ఏమనేవాణ్నో నాకే తెలీదు. అరిచేవాణ్నేమో. కానీ నన్ను ఎవరూ అడగలేదుగా!"

చిట్టి స్పానర్లు సంచిలో వేసుకోబోయింది. సింకు పక్కన గిన్నెల బుట్టలో, అక్క బస్టాండుకు తెచ్చే ఆకుపచ్చ మూత డబ్బా కనిపించింది. ఆమె చూపు అక్కడే ఆగడం చూసి, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు బావ అన్నాడు.

"అదా? గురువారం గురువారం మీ అక్క బడిలో ఎవరో ఆయాకి అన్నం పట్టుకెళ్తుంది. పాపం, ఎవరూ లేని మనిషట."

చిట్టికి నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. "ఆ ఆయా నేనే బావా" అంది.

ఆయన తినమన్నాడు, కాసేపు కూర్చోమన్నాడు. ఇంకో రెండు ఇళ్లున్నాయని, ఈ విషయం అక్కకు తనే చెబుతానని, అప్పటిదాకా నోరు మెదపొద్దని మాట తీసుకుని బయటపడింది.

బుధవారమంతా ఆమె మనసు మనసులో లేదు. స్పానరు ఒక ఇంట్లో మరిచిపోయి ఇంకో ఇంటికి వెళ్లింది. వెళ్లాల్సిన బస్సుకు ఎదురుదిక్కు బస్సెక్కి ఐదు స్టాపులు పోయాక తెలుసుకుంది. బ్రెడ్డూ ఉడికించిన గుడ్డూ కొనుక్కుంది. నిలబడి సగం, నడుస్తూ పావు తిని, మిగిలింది ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తోచేది కాదు. పదకొండేళ్లు గురువారం గురువారం తను చెప్పిన థాంక్సులు చెవుల్లో మోగుతూ ఉన్నాయి. ఇచ్చిన వస్తువైతే వెనక్కి ఇమ్మని అడగొచ్చు. చెప్పిన థాంక్సులు ఎవరిని అడిగి తెచ్చుకోవాలి?

గురువారం ఒంటిగంటకు అక్క వచ్చింది. బెంచీ తువ్వాలుతో తుడిచి, డబ్బా మూత మీద చెయ్యి వేసింది.

"బంగాళాదుంప వేపుడు చేశాను. నీకిష్టం కదా. ఏంటలా ఉన్నావు? కూర్చో."

చిట్టి కూర్చోలేదు. "ఆయాకి తెచ్చావా అక్కా?"

అక్క చెయ్యి మూత మీదే ఆగిపోయింది. ముఖంలో రంగు పోయింది. తప్పుకుందామని చూడలేదు, అబద్ధం ఆడలేదు. "మొన్న నీళ్లు ఆపింది నువ్వేనా?" అంది.

"నేనే. బావని రాక్షసుణ్ని చేశావు. నన్ను పొగరుబోతుని చేశావు. మధ్యలో నువ్వొక్కదానివే దేవతవయ్యావు. నేను నీకు దణ్ణాలు పెట్టుకుంటూ ఈ స్తంభం చాటున తిన్నాను!"

తొమ్మిదో ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. ఎప్పుడూ వాళ్లను చూసి బెదిరే అక్క ఆ రోజు పట్టించుకోలేదు.

"నాన్న పోయేముందు నాతో ఏమన్నాడో నీకు తెలీదు" అంది. "చిట్టికి నీ గౌన్లు తొడిగి, రెండు జడలు వేసి, బొమ్మలా ఆడించి నువ్వే పాడుచేశావన్నాడు. అంతే. ఇక మాట్లాడలేదు. అదే చివరి మాట. నువ్వు ఇంట్లో తిరుగుతుంటే నాకు ఆ మాటే వినపడేది. నిన్ను చూస్తే, ఇది నేను చేసిందే, నేను చేసిందే అనిపించేది. బావ పేరు చెబితే నువ్వు నన్ను తిట్టుకోవనుకున్నాను. తర్వాత ఎలా విప్పాలో తెలీలేదు."

చిట్టికి కోపం తగ్గలేదు. కానీ కోపానికి ఒక చోట పట్టు తప్పింది.

"జడలు వెయ్యమని నీ వెనకాల పడింది ఎవరు?"

అక్క డబ్బా మూత మళ్లీ గట్టిగా నొక్కింది.

"నువ్వు వెయ్యనంటే దువ్వెన పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది ఎవరు?"

"నువ్వే."

"మరి? ఆ ముక్క నన్ను ఒక్కసారి అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని కదా! నన్ను నువ్వు తయారుచెయ్యలేదు అక్కా. నువ్వు జడలు వేశావు, అంతే." సంచి భుజాన వేసుకుంది. "నేనిక బస్టాండులో తినను."

నంబరు కూడా చూడకుండా కదులుతున్న బస్సు ఎక్కేసింది. కిటికీలోంచి చూస్తే అక్క డబ్బాలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. చిట్టి చెయ్యి ఊపలేదు.

మూడు వారాలు గడిచాయి. గురువారం ఒంటిగంటయ్యేసరికి ఆమె ఎక్కడున్నా కడుపులో గంట కొట్టినట్టు ఆకలేసేది. ఆ ఆకలి మీద ఆమెకు చిరాకు పుట్టేది. ఒక ఆఫీసు క్యాంటీనులో వంటావిడ పిలిచి ప్లేటులో అన్నం పెట్టింది. బాగానే ఉంది. కానీ తింటున్నంతసేపూ అక్క చేతి ఉప్పే గుర్తొచ్చింది. తను జ్వరంతో ఉన్న వారాల్లో అక్క అన్నం మెత్తగా ఉడికించి తెచ్చేది. పన్ను పీకించుకున్నప్పుడు కూరంతా మెదిపి తెచ్చింది. ఒకసారి వానలో మోకాళ్ల దాకా తడిసి వచ్చింది, డబ్బాలు మాత్రం తడవనివ్వలేదు. అబద్ధం చెప్పిన నోరూ, ఆ అన్నం వండిన చెయ్యీ ఒకే మనిషివి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని పారేద్దామంటే ఊడి రావడం లేదు. ఆ కృతజ్ఞతను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చిట్టి బస్సులు మారుతూ పోయింది.

నాలుగో వారం బావ ఫోను చేశాడు.

"మీ అక్క నాకు అంతా చెప్పేసింది. రెండు రోజులు నేను దాంతో మాట్లాడలేదు. మూడో రోజు టీ పెట్టేవాళ్లు లేక మాట్లాడాను. ఆదివారం భోజనానికి రా."

"అక్క రమ్మందా?"

"నేను రమ్మంటున్నాను. అది వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది."

వెళ్లింది. బల్ల మీద మూడు పళ్లేలు పెట్టి ఉన్నాయి. అక్క ముఖంలోకి చూడకుండా వడ్డిస్తూనే ఉంది. ఒక కూర తినకముందే ఇంకో కూర వేసేది. చిట్టికి ఆ కుర్చీలో ముళ్లున్నట్టు ఉంది. నీళ్లకని ఒకసారి లేచింది, కిటికీ తియ్యడానికని ఒకసారి లేచింది, ఫిల్టరు ఎలా ఉందో చూద్దామని మూడోసారి లేచింది.

"కూర్చోవే మరదలా!" అన్నాడు బావ. అనేసి తనే ఉలిక్కిపడ్డాడు. "ఇన్నాళ్లూ బావమరిదీ బావమరిదీ అని నోటికి అలా అలవాటు పడిపోయింది. మొదట్లో ఒక ముక్క, చివర్లో ఒక ముక్క సవరిస్తే సరిపోయింది. ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతమా!"

చిట్టి నవ్వింది. అక్క నవ్వలేదు కానీ పెదవి కొరుక్కుంది.

అప్పుడే బెల్లు మోగింది. ఎదురింటావిడ, ఎప్పుడో తీసుకెళ్లిన గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. బల్ల వైపు చూసి, "చుట్టాలొచ్చారా?" అంది.

"కాదండీ" అంది అక్క గబుక్కున. "ఫిల్టరు బాగుచెయ్యడానికి వచ్చింది."

ఎదురింటావిడ చిట్టి చేతిలోని అన్నం ముద్ద వైపు, పళ్లెం చుట్టూ ఉన్న కూరల వైపు చూసింది. "ఓహో" అని వెళ్లిపోయింది.

బావ కళ్లు మూసుకున్నాడు. చిట్టి ముద్ద పళ్లెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, సంచి తీసుకుంది.  మెట్లు దిగడం మొదలుపెట్టింది. రెండో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి పైన ఎదురింటి తలుపు ఎవరో దబదబా బాదడం వినిపించింది.

"ఏమండీ! ఇందాక నేను అబద్ధం చెప్పానండీ" అంటోంది అక్క. గొంతు మెట్లన్నీ దిగి వచ్చేంత గట్టిగా ఉంది. "అది మా చెల్లెలు. నా సొంత చెల్లెలు."

తలుపు గడియ తీసిన చప్పుడైంది. తర్వాత ఎదురింటావిడ, "అయ్యో, అయితే ఫిల్టరు మనిషి కాదా? మాది వాసనొస్తోంది, చూపిద్దామనుకున్నానే!" అంది.

చిట్టి మెట్టు మీద చతికిలబడింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. పైకి వెళ్లబుద్ధి కాలేదు, కిందికి దిగబుద్ధీ కాలేదు. అక్క చెప్పుల్లేకుండా, ఎంగిలి చేత్తోనే దిగి వచ్చింది. రమ్మని అడగలేదు. ఇద్దరూ కలిసి వీధిలోకి వచ్చి, కూరగాయల బండి పక్కనుంచి, బట్టలారేసే బాల్కనీల కిందనుంచి స్టాపు దాకా నడిచారు. వచ్చిన మొదటి బస్సు చిట్టి వదిలేసింది. రెండోదీ వదిలేసింది.

"నీ బస్సు ఏది?" అంది అక్క.

"అదిగో, ఆ వచ్చేది."

"అది ఎక్కడిదాకా పోతుంది?"

"చివరి స్టాపు దాకా. నా గది అక్కడే, ప్రింటింగ్ ప్రెస్సు మీద."

"దూరమా?"

"గంట పడుతుంది."

అక్క బస్సు నుదుటి మీది నంబరు చూసి నోట్లో రెండుసార్లు అనుకుంది.

వచ్చిందా అంటే, వచ్చింది. అయిదు వారాల తర్వాత, ఒక స్టాపు ముందే దిగిపోయి, ప్రతి ప్రెస్సు ముందూ ఆగి "మా చెల్లెలు ఇక్కడ ఉంటుందా?" అని అడుగుతూ, చెమటలు కక్కుకుంటూ వచ్చింది. ఖాళీ చేతుల్తో వచ్చింది. చిట్టి అప్పుడు ఇంట్లో లేదు. ఊరికి ఆ కొసన ఎవరి వంటింట్లోనో పైపు బిగిస్తోంది. ప్రెస్సువాడు ఫోను చేసి, "ఎవరో మీ అక్కనంటున్నారు, మెట్ల మీద కూర్చున్నారు, ఎంత చెప్పినా వెళ్లడం లేదు" అన్నాడు.

"వెళ్లనివ్వకండి" అంది చిట్టి. "వస్తున్నా."